ఆరో నంబరు మగ్గం

గేటుకి లాకౌట్ కాగితం అంటించిన పదకొండో రాత్రి
చంపావతి మీంచి వాన.
సన్యాసప్పడు నా భుజమ్మీద కాలేసి
జూట్‌మిల్లు గోడెక్కాడు.
మొలకి నూనె డబ్బా, నోట్లో బేటరీ లైటు.
ఎక్కే ముందు అన్నాడు:
"తుప్పట్టీస్తాదిరా.
ఆరో నంబరుకి మెడకాడ ఎప్పుడూ దాహమే."
ఇంట్లో చంటిదాని గురించి అన్నట్టు.

లోపల కాపలా దాలినాయుడు.
ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు,
ఒకే కేరేజీలో చోడంబలి తాగారు.
పాతికేళ్ల సర్వీసుకి దొర ఇచ్చిన గడియారం
ఆగిపోయినా చేతి నుంచి తియ్యడు దాలినాయుడు.
జీతం ఆగి మూణ్ణెల్లయినా
ఖాకీ చొక్కాకి గంజి మానడు.

పట్టుకున్నాడు.
మూడు మగ్గాలకి నూనె పడేదాకా
స్తంభం చాటున ఆగాడని కొందరంటారు.
నేనడగలేదు.
పుస్తకంలో మాత్రం గుండ్రటి అక్షరాలతో రాశాడు:
నూనె డబ్బా ఒకటి. దొంగతనం.
"ఉప్పు తిన్నాను. ఏటి సెయ్యమంతావు?"
"నానూ తిన్నాను.
మరి ఆ మగ్గం ఏటి తింది?"

సాక్షి సంతకం నాది.
బదిలీ కూలీని.
మిల్లు తెరిస్తే పర్మినెంటు అన్నారు.

తెరవలేదు.
ఎండల్లో లారీలొచ్చి
మగ్గాల్ని కిలోల లెక్కన ఎత్తుకుపోయాయి,
ఇరుసుల్లో గోగునార పీచుతో సహా.
దాలినాయుడు గేటు బార్లా తీసి
ఒక్కో లారీకీ సెల్యూట్ కొట్టాడు.
ఎవరికో డ్రైవర్లకి అర్థం కాలేదు.

ఒకడిది విశ్వాసం, ఒకడిది శ్రద్ధ అని
టీకొట్టు దగ్గర తేల్చేశారు.
రెండిట్లో ఏదీ నా వంతుకి రాలేదు,
టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

సన్యాసప్పడిప్పుడు గజపతినగరంలో, రైసుమిల్లులో.
ఓనరు పేరడిగితే తడుముకుంటాడు.
బేరింగు మీద స్క్రూడ్రైవరు ఆనించి
కర్రపిడి చెవికి పెట్టుకుని
కళ్లు మూసుకుంటాడు.

నిన్న దాలినాయుడు పోయాడు.
అందరికంటే ముందొచ్చింది సన్యాసప్పడే.
శవం చేతి గడియారం విప్పాడు.
వెనక మూత గోటితో లేపి
జేబులోని చిన్న సీసాలోంచి
ఒక్క చుక్క వేశాడు.
చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

నడవలేదు.
మళ్లీ అదే చేతికి కట్టాడు,
బిగువైందేమో చూసి, ఒక కన్నం వదులు చేసి.

నేను వీధరుగు దగ్గరే నిలబడ్డాను.
ఆ వానరాత్రి కాలు మోపింది
నా ఏ భుజమ్మీదో
ఎంతకీ గుర్తుకు రాలేదు.