రైతు పేరు దగ్గర గీత

మినీ బైపాసులో టైర్ల షాపు మేడ మీద
అద్దాల వెనక రాగి పీపాలు.
మాల్యాద్రి బెంగళూరులో నేర్చుకొచ్చి పెట్టాడు.
కందుకూరు పక్క పిల్లోడు.
వాళ్ళ నాయన రెండు పొగాకు బ్యారన్లు అమ్మితే
ఆ పీపాలొచ్చాయని పెంచలయ్య చెప్పాడు, మెట్లెక్కేటప్పుడే.
ముందే చెప్పకుండా ఉంటే పోయేది.

నాది రొయ్యల గుంటల్లో నీళ్ళు చూసే పని.
ఉప్పు, కాఠిన్యం, అమ్మోనియా.
పదహారేళ్ళు. మీటరు పెట్టెలోంచి తీసేలోపలే
నా నాలుక చెప్పేస్తుంది.

మొదటిది గూడూరు నిమ్మకాయ బీరు.
తొక్కతో సహా వేశాడంట.
ఎండ చూడకుండా జాడీలో పడ్డ ఊరగాయ మాదిరి
చేదు ముందొచ్చి కూర్చుంది.
పులుపు బస్సు తప్పిపోయి
ఎప్పటికో మద్రాసు బస్టాండులో దిగింది.

రెండోది మొలగొలుకుల బియ్యంతో.
జ్వరమొస్తే మా అమ్మ కాచే గంజి,
అదీ ఉప్పు మర్చిపోయిన రోజుది.
దీనికి మూడొందలా సామీ!

నల్లదాంట్లో కాఫీ తగలాలంట.
నాకు ఏరేటర్ గేరుబాక్సులో నూనె మార్చి
చేతులు తుడుచుకునే గుడ్డ తగిలింది.

నాలుగోదాని గురించి మాట్లాడను.
చేపల పులుసులోకి పోవాల్సిన చింతపండు
నురగలో మునిగి తల దించుకోనుంది.

పెంచలయ్య మేత కంపెనీ ఏజెంటు,
ఏదైనా తాగుతాడు.
"చల్లంగుంది గదా, ఇంకేం కావాలా నీకు?"

మళ్ళీ కొనను, మళ్ళీ కొనను అని
నాలుగోసారి అనుకుంటా ఉండగానే
మాల్యాద్రి వచ్చాడు, చేతులు తుడుచుకుంటా.
"ఎట్టుందన్నా?"

ఆ మొహం నాకు తెలుసు.
గట్టు మీద నిలబడి,
పైకి తీసిన చెక్ ట్రే వైపు చూడకుండా
నా నోటి వైపు చూసే మొహం.
కొమారి పోలయ్య అట్టే చూశాడొకసారి.
తెల్లమచ్చ, ఈ రాత్రికే పట్టేయండి, అని నిజం చెప్పా.
మూడేళ్ళయింది.
ముత్తుకూరు సెంటర్లో నేను ఎదురొస్తే
సైకిల్ దిగి, తెగని చెప్పు సరిచేసుకుంటాడు.

"బాగుందబ్బయా," అన్నా.
"ఇంకోటి పోయించనా?"
"పోయించు."

ఆ ఐదోదాంట్లో దొరికింది.
నిమ్మకాయ కాదు, బియ్యం కాదు, వాడి చెయ్యి అసలే కాదు.
అన్నిటి కిందా ఒకటే రుచి పడుకోనుంది,
బోరు నీళ్ళు.
సముద్రం మైపాడు కాడ ఆగిపోయిందని
మనం అనుకుంటాం.
దానికెవరూ చెప్పినట్టు లేరు.

చేతులు కడిగే కుళాయి కింద
చిన్న సీసా పట్టి కిందికి దిగా.
టైర్ల షాపు బల్బు వెలుగులో, బండి సీటు మీద
చుక్కలేసి లెక్కపెట్టా,
గులాబీ రంగు నీలంగా తిరిగేదాకా.
తాగినా చెయ్యి వణకలేదు. అదొక్కటి వచ్చు నాకు.

కాయితం మీద రాశా.
కాఠిన్యం: తొమ్మిదొందల అరవై.
సలహా: నీళ్ళు మార్చవలెను.
రైతు పేరు:
అక్కడ పెన్ను ఆగింది. గీత గీశా.

పైకి పోయి
పద్ధెనిమిదొందల నలభై రూపాయల కింద
మడిచి పెట్టొచ్చా.
పెంచలయ్య సోంపు నముల్తా
"బిల్లు ఎక్కువేసినాడా?" అన్నాడు.

బేస్తవారం ఫోనొచ్చింది.
పొన్నపూడి గట్టు మీదున్నా, మిట్టమధ్యాన్నం.
"అన్నా, ఎవరిదో గుంట రిపోర్టు
నా బిల్లు పుస్తకంలో చిక్కుకోనుంది. నీదేనేమో.
తొమ్మిదొందల అరవై అంట!
పాపం, ఆ రైతుకు చెప్పావా?"

ఏరేటర్ల రొదలో వినపడ్డంలా అన్నా,
మళ్ళీ చేస్తానన్నా.

పొద్దుటినుంచీ కరెంటు లేదు.
నీళ్ళ మీద ఒక్క చక్రం కూడా తిరగడంలా.