ముప్పై తొమ్మిదో రాత్రి

పొదిగిన పెట్టను పక్కింటి కుక్క పట్టుకుపోయింది
పిల్లలు గుడ్లు పగలగొట్టుకొచ్చిన మూడో రోజునే.
నీలి పెంకుల ముక్కలు ఇంకా గడ్డిలోనే ఉన్నాయి.
తొమ్మిదింటినీ ఏప్రన్‌లో వేసుకొచ్చి
యాపిల్ పెట్టెలో పోసి, పొయ్యి పక్కకు జరిపి
పైన ఒక బల్బు వేలాడదీశాను.
అప్పట్నుంచి ఆ బల్బే వాటి అమ్మ.
వారానికో బెత్తెడు పైకి లాగేదాన్ని.
తాడు ముడి మార్చిన ప్రతిసారీ
ఒక్క క్షణం అన్నీ తలలెత్తి చూసేవి.

లెముయ్ దీవిలో అక్టోబరు అంటే వసంతమని
క్యాలెండరు అచ్చేసేవాళ్ళు చెబుతారు.
ఉత్తరం నుంచి వీస్తే వాన.
దక్షిణం నుంచి వీస్తే ఎండా, ఎముకలు కొరికే చలీ.
ఏ దిక్కూ లేని రోజొకటి దొరికితే
దుంపలు నాటాలా, బట్టలారేయాలా,
పిల్లల్ని బయట పెట్టాలా?

ఎప్పుడు పెట్టాలని అడిగితే
ఒక్కొక్కరిదీ ఒక్కో పంచాంగం.
"రెక్క కింద వేలు పెట్టి చూడు,
నూగు తగిలితే ఇంట్లో, ఈక తగిలితే బయట"
అంది ఒటీలియా.
ఆల్చిప్పల ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడే రెనాన్
"ఆరు వారాలు. ఒక్కరోజు తగ్గినా నీ ఖర్మ" అన్నాడు.
మా ఆయన ఫెర్మీన్, పడవ రంగు కడుక్కోని చేతులతో
రొట్టె తుంచుకుంటూ
"ఈ కంపు భరించలేని రోజు" అన్నాడు.
ఆ రోజు ఎప్పుడో దాటిపోయిందని
నేను చెప్పలేదు.

నాకు అడ్డమల్లా తొమ్మిదోదే.
ఎనిమిదింటికీ వీపు నిండా ఈకలొచ్చాయి.
దీని మెడ చుట్టూ ఇంకా పసుపు నూగు,
మఫ్లర్ విప్పనని మొండికేసే పిల్లాడిలా.
దీన్ని ఆపి వాటిని పంపితే
ఒంటరిదై అరిచి అరిచి చస్తుంది.
దీని కోసం వాటిని ఆపితే
పెట్టె అంచెక్కి పిండి డబ్బాలో రెట్టలేస్తున్నాయి.
మధ్యాహ్నాలు పీతల బుట్ట బోర్లించి
కింద ఓ గంట వదిలేదాన్ని.
కంచె గుంజ మీద గద్ద కూర్చుని
నాతోపాటే లెక్కపెట్టేది.

ముప్పై తొమ్మిదో రాత్రి ఉత్తరం గాలి లేచింది.
కరెంటు పోయింది.
తడి కట్టెలు, పొయ్యి ఎప్పుడో చల్లారింది.
లేవాలి. లేచి పెట్టె మీద దుప్పటి కప్పాలి.
లేవలేదు.
పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళు, అంతే.
దాన్ని నిర్ణయం అనకండి.

మంచంలోంచే విన్నాను.
చలేసిన కోడిపిల్ల అరుపు సూదిలా ఉంటుంది,
గోడ అవతలున్నా గుచ్చుకుంటుంది.
ఆ రాత్రి సూదుల్లేవు.
చాటలో గోధుమలు కదిపినట్టు ఏదో గొణుగుడు.
కాసేపటికి అదీ ఆగింది.
నిద్రపోయాయో చచ్చాయో చెప్పని చీకట్లో
కళ్ళు తెరుచుకునే తెల్లారబెట్టాను.

పొద్దున చూస్తే
ముద్దకట్టి లేవు. పెట్టె నిండా
దేని చోటు దానిది.
తొమ్మిదోది మాత్రం రెండింటి మధ్య దూరి ఉంది.
దాని రెక్క కింద వేలు పెట్టాను.
కొంత నూగు. కొంత ఈక.
దీనికేం చెయ్యాలో ఒటీలియా చెప్పలేదు.

శనివారం బయట గూట్లో వదిలాం.
ఫెర్మీన్ కొట్టిన తలుపు, ఎలుకలు దూరకుండా సన్నవల,
నేను పరిచిన ఎండుగడ్డి, పరుపంత మెత్తగా.
రాత్రి రేకుల మీద వాన మొదలవగానే
బూట్లు కుడిఎడమలు చూసుకోకుండా తొడుక్కుని
టార్చితో పరిగెత్తాను.

గడ్డి ఖాళీ.
ఫెర్మీన్ లోపల మర్చిపోయిన పార,
గోడకు ఏటవాలుగా ఆనించి ఉంది,
దాని కర్ర మీద ఎనిమిదీ వరసగా.
ఎవరు నేర్పారో.
తొమ్మిదోది కింద ఇనుము మీద నిలబడి
ఎగరడం, జారడం, మళ్ళీ మెడ చాచడం.
వెలుగు పడ్డ చోట ఒకటి కన్ను తెరిచి
నన్ను చూసి, మూసుకుంది.

తలుపు వేసి వచ్చేశాను.
దుంపల గుంటలకు ఆ పార కావాలి నాకు.
ఇంకా తీసుకోలేదు.