ఖాళీలు వదలరాదు

ఫారం పట్నం నుంచి వచ్చింది.
సముద్రపొడ్డు ఏటిమొగలకోసం అచ్చేసినవి,
మిగిలిన కట్ట మాకు పంపినట్టున్నరు.
మొదటి గడి: పోటు వేళ. రెండోది: పాటు వేళ.
మూడోది: నీటిలో ఉప్పు.
అడుగున ఎర్రసిరాల: ఖాళీలు వదలరాదు.

చందంపేట దాటినంక
రోడ్డు మట్టిల కలిసి, మట్టి నీళ్లల్ల కలిసే కాడ
బండి ఆపిన. మార్చి నెల.
పొద్దు ఇంకా గుట్ట ఎక్కలే.
కృష్ణ వెనకనీళ్లు రోజుకింత జరుగుతుంటే
మునిగిన ఊరొకటి మెల్లగ ఒడ్డుకొస్తున్నది:
ఒక అరుగు, సగం గోడ,
తలుపు లేని గడప,
నోటినిండ ఒండ్రు పట్టిన రోలు.

పట్టెతల బాతులు పోయిన వారమే లేచిపోయినయట.
రెట్టలున్నయి, ఎండిన సున్నపు చుక్కలు.
రెట్టల్ని లెక్కపెట్టమని ఫారంల లేదు,
నేను పెట్టిన.
బురదల నీటికుక్క అడుగులు,
అయిదేళ్లు, నడుమ తోక ఈడ్చిన గీత.
నీళ్లదాక పోయి ఆగినయి.
తిరిగొచ్చిన జాడ లేదు.
ఎంతసేపు చూసిన్నో చెప్పను.

మైలపల్లి ఎర్రయ్య పుట్టి దిగిండు.
శ్రీకాకుళం తీరం విడిచి ఇరవై రెండేండ్లు,
వల మాత్రం ఇంకా సముద్రాన్ని పట్టేటట్టే విసురుతడు.
ఉప్పు ఎంతుంటదని అడిగితే
వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నడు.
కండ్లు మూసుకున్నడు.
"సప్పన బాబూ. ఉప్పు నేదు.
ఈ నీటికి అలే నేదు, ఉప్పెక్కణ్ణుంచి వస్తాది?"
మూడో గడిల రాసిన: చప్పన. ఎర్రయ్య నాలిక ప్రకారం.

పోటు?
"పైనోళ్లు కరెంటు తీస్తే పోటు,
కిందోళ్లు గేట్లెత్తితే పాటు.
సెంద్రుడికి ఈడ పనేటి?"

గడప మీద, అరుగు మీద, గోడ తల మీద
కత్తెరపిట్టలు.
పసుపుముక్కు, నల్లటోపీ, చీలిన తోక.
గూడంటే గూడు కాదు,
రాతిమీద కాలితో దువ్విన ఇంత గుంత,
అండ్ల రెండు, మూడు, మచ్చల గుడ్లు.
దగ్గరికి పోతే నెత్తిమీద పొడిచినంత పని చేసినయి.
ముప్పై ఒకటి, అని రాసిన.
మల్ల లెక్కపెడితే ముప్పై మూడు.
రెండూ రాసి సంతకం పెట్టిన.

మేకల ఎంబడి వచ్చిన రమావత్ గోమ్లి నవ్వింది.
"గుడ్లు లెక్కపెడ్తే జీతమిస్తరా?"
దినానికింత అని చెప్పిన.
నా మాట నమ్మలే.
కట్టె నేలమీద అడ్డంగ ఈడ్చి గీత గీసింది,
మేకలు గీత దాటలే.

నాలుగో నాటికి మల్ల పోయిన.
గడప లేదు.
రోలు లేదు.
రాత్రి శ్రీశైలం కాడ యంత్రాలు తిరిగినయట,
మా దిక్కు బల్బులన్నీ మంచిగ వెలిగిన రాత్రే.
ఇంట్ల ఫ్యాను కింద చల్లగ పండుకున్న, యాదికుంది.
నీళ్లమీద పిట్టలు అదే చోట గిర్రున తిరుగుతున్నయి,
అంతే ఎత్తుల, అంతే కోపంగ,
ఏమీ లేనిదాన్ని కావలి కాస్తున్నట్టు.

ఫారంల గుడ్ల గడి పక్కన
తగ్గుదలకు కారణం అని ఒకటుంది.
కింద మూడు చుక్కలు: తుఫాను. వేట. ఇతరములు.
ఇతరములు మీద కలం పెట్టి కూసున్న.

గోమ్లి పిలిచింది. ఎత్తు గుట్ట దిక్కు,
మేకలు తొక్కని చోట,
పిడికెడు రాళ్లు చుట్టూ పేర్చి ఉంది.
నడుమ ఒక్క గుంత, రెండు గుడ్లు.
"నేను తేలే. అదే పెట్టుకుంది. రాళ్లు నాయి."
ఆఫీసు సారు ఫోన్ చేసిండు:
నింపినవా? ఏమైనా ఖాళీలున్నయా?
ఉన్నయి సార్, అన్న.
రెండు గుడ్లు అన్న.
సిగ్నల్ పోయింది, ఆయన ఏం విన్నడో తెల్వది.

పిట్ట వచ్చి రాళ్ల నడుమ దిగింది.
రొమ్ము తడి చేసుకొచ్చింది, ఎండకు.
గుడ్లమీద కూసునే ముందు
నన్నొకసారి, గోమ్లినొకసారి,
నీళ్లను మాత్రం శానసేపు చూసింది.