రెండంతస్తుల నడుమ

పైన కార్లు, కింద లారీలు.
నడుమ గూట్ల నేను,
గ్రీజు డబ్బా, టార్చిలైటు, నడుముకు తాడు.

పదిహేడో పిల్లరు కాడ బేరింగు
ముసలోని మోకాలు లెక్క కిర్రుమంటది.
పై జాయింటు మీద కారు పోతే టక్ టక్,
కింది జాయింటు మీద సిమెంటు లారీ పోతే
నా పండ్లు కదులుతయి.
చప్పుడును బట్టి చెప్తా ఎంత బరువో,
ఏ డ్రైవరు నిద్రమత్తుల ఉన్నడో.

ఇంకా కింద మూసి.
నురగ, పత్తి ఏరి కుప్పబోసినట్టు.
గాలి లేస్తే ఎగిరొచ్చి అంగీకి అంటుకుంటది.
ఒకనాడు సబ్బు వాసన,
ఒకనాడు మాడిన మందుబిళ్ళ వాసన.
కంపెనీల ఏ షిఫ్టు నడుస్తుందో
సైరన్ కంటే ముందు ముక్కుకు తెలుస్తది.

ఈ వంతెన మేమే కట్టినం.
మేస్త్రీ కుర్మన్న అడ్వాన్సు చేతుల పెడితే
మక్తల్ దిక్కు నుంచి పద్నాలుగు కుటుంబాలు
ఒక్క లారీల వచ్చినం.
ఈదమ్మది తడిపే పని.
కాంక్రీటుకు గోనెసంచులు చుట్టి
ఇరవై ఒక్క దినాలు పొద్దు మాపు నీళ్ళు,
పురిటి లెక్కనే.

మొదటినాడు ఏటిలకెల్లే ముంచుకొచ్చింది బిందె.
ఇంజినీరు ఉరికొచ్చి గుంజుకున్నడు.
"ఈ నీళ్ళా? లోపలి సలాకను తినేస్తయి."
సీసల పట్టి పట్నం పంపిండు.
కాయితం వచ్చింది: పనికిరావు.
ఇగ తెల్లారినుంచి ట్యాంకర్లు.
మంచినీళ్ళు, పిల్లర్లకు.

ఆ మాపు ఈదమ్మ
బిందె బోర్లించి దాని మీద కూసోని
అవతలి గడ్డను చూసింది.
మోటర్లు నడుస్తున్నయి.
మడి నిండ అవే నీళ్ళు, నారు కండ్లు చెదిరేంత పచ్చగ.
బర్లు మోకాటి లోతుల నిలబడి తాగుతున్నయి.
"పిల్లరుకు పడని నీళ్ళు
బర్రెకెట్ల పడుతున్నయ్?" అన్నది.
నేను కట్టెలు ఎగదోసిన.
పొయ్యి మీద ఉడికేది ఆ గడ్డ బియ్యమే.

ఆరేండ్లయింది. అందరు పోయిండ్రు.
సన్నగున్న అని నన్ను ఉంచుకున్నరు,
ఈ గూట్ల పట్టేటోన్ని నేనొక్కన్నే.

నెలకోసారి సార్లొస్తరు.
పిల్లరుకు మిషిను ఆనించి వింటరు,
సుత్తెతోని మెల్లగ కొడుతరు,
వెంట్రుకంత పగులు దొరికితే
ఎర్రరంగు పూసి తారీఖు రాస్తరు.
"గట్టిగున్నది" అని చాయ తాగి పోతరు.

నేను తాడు పట్టుకొని దిగొస్తా.
ఒడ్డున బర్రె ఒకటి తలెత్తి చూస్తది,
మూతికి నురగ.
మోచేతుల దాక గ్రీజు నాకు.
ఏరు పది అడుగుల దూరం.
ట్యాంకరు ఇంకా రాలే.