అద్దె తగ్గించిన గది

ఓడిల్ పెల్కీ ఇంట్లో మేడమీది ఉత్తరపు గది
నెలకు నలభై డాలర్లు తక్కువ.
కారణం తలుపు తీయకముందే చెప్పింది:
"లోపల గుమ్మడికాయలుంటాయి. వాటికి వేడి గిట్టదు.
హీటర్ మీట ముట్టుకోకు, ఎల్డన్."

రాత్రిళ్ళు రోడ్లమీద మంచు తోసే బండి నాది.
మెయిన్ రాష్ట్రపు కొసన పుట్టినవాణ్ణి,
చలి నాకు కొత్తేం కాదన్నాను.
కొత్తేనని అక్టోబరు చివరికి తెలిసింది.

తొలి మంచు కాటెయ్యకముందే కోసిందట అన్నిటినీ,
తొడిమలు బెత్తెడు మిగిల్చి,
వరండాలో పదిరోజులు ఎండకు తిప్పితిప్పి.
తొడిమ పట్టి ఎత్తబోతే నా చేతిమీద చరిచింది:
"పసిబిడ్డని జుట్టుపట్టి ఎత్తుతావా?"
తొక్కమీద గోరు నొక్కి చూపింది. దిగలేదు.
"ఇలా ఉంటేనే గడప దాటనిస్తాను."

మంచం కింద పాత పేపర్లమీద బటర్‌నట్‌లు,
కొట్టుకున్న పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టినట్టు
ఒకదానికొకటి తగలకుండా.
కిటికీ గట్టున చారల డెలికాటాలు,
తోలు పలచన, మాట పడవు, క్రిస్మస్ దాటవు.
బీరువామీద ఆకుపచ్చ ఏకార్న్‌లు;
నారింజ మచ్చ పెరిగిందంటే రోజులు దగ్గరపడ్డట్టే.
మూల కుర్చీలో, నా కోటు ఉండాల్సిన చోట,
నీలి హబ్బర్డ్.
మొటిమల మొహం, పదహారు కిలోలు,
పెళ్ళివారి తరఫు పెద్దమనిషిలా.

ఆపిల్ కొరుకుతుంటే వాసన పట్టి పైకొచ్చింది.
"దాని ఊపిరి తగిలితే ఇవి తొందరగా ముసలివైపోతాయి.
మెట్లమీద కూర్చుని తిను."
మెట్లమీద కూర్చుని తిన్నాను.

ఆదివారం ఆదివారం ఒక్కొక్కటే అడుగు తట్టి చూస్తుంది.
మెత్తబడ్డది ఆ పూటే సూప్.
జబ్బుపడ్డదాన్ని ముందు తినాలి,
బాగున్నదాన్ని ఆగమనాలి.
ఆ లెక్కన చలికాలమంతా
మేం తిన్నవన్నీ కాస్త చెడ్డవే.

జనవరిలో ఒక రాత్రి సున్నాకి ముప్ఫై కింద.
బండి స్టార్ట్ కాక ఇంట్లోనే పడుకున్నాను.
తలుపు కిర్రుమంది. రెండు చేతులా ఉన్ని దుప్పటి మోసుకుని
చీకట్లో ఓడిల్.
నిద్ర నటించాను. ఎవరైనా నాకు దుప్పటి కప్పి
ఇరవై ఏళ్ళయింది.
ఆమె వంగింది. మోకాళ్ళు టకటకమన్నాయి.
మంచం కింద పరిచి, అంచులు దోపి,
కుర్చీలో దానికి తన శాలువా చుట్టి
వెళ్ళిపోయింది.

పొద్దున నేనేమీ అనలేదు.
మధ్యాహ్నానికి నా తలగడ దగ్గర వేడినీళ్ళ సంచి.
అది కూడా గుమ్మళ్ళకి దూరంగా పెట్టుకోమంది.

ఏప్రిల్‌లో కుర్చీ ఖాళీ అయింది.
హబ్బర్డ్‌కి కత్తి దిగదు. వాకిట్లో రాతిమెట్టుమీద
నా చేత ఎత్తి వేయించింది, రెండుసార్లు. ఉలకలేదు.
మూడోసారి పగిలింది.
చుట్టూ బూడిదరంగు బురదమంచు.
ఇద్దరం కాసేపు ఆ పసుపు చూస్తూ నిలబడ్డాం.

గింజలు నా బల్లమీదే ఆరబోసింది.
పొట్లంమీద పేరు రాయమంది, నా రాత గుండ్రంగా ఉంటుందని.
"ఇక పూర్తి అద్దె కదా?" అన్నాను.
"హీటర్ వేసుకో మరి."

ఆ రాత్రి చెయ్యి మీటదాకా వెళ్ళింది.
ఆగి,
మంచం కింద ఒకసారి వంగి చూశాను.