నూట డెబ్బై గ్రాములు

రాణిగంజ్‌ల, తాళ్ళు గొలుసులమ్మే దుకాణంల
ఫసీహ్ భాయ్ దాన్ని గుప్పిట్ల పట్టుకొచ్చిండు.
విప్పితె హార్నెస్.
పక్కింట్ల వెండి తూచే కాంటా అడిగి తెచ్చి పెట్టిండు:
నూట డెబ్బై గ్రాములు.
సీతాఫలమంత గూడ లేదు.

నా నడుముకు అలవాటైంది వేరు.
పదకొండేండ్ల సంది రాయదుర్గంల
అద్దాల మేడలకు మొహం కడుగుతున్న.
రెండు కిలోల పట్టా, తొడల కింద మెత్త,
పొద్దంత వేలాడినా కాళ్ళు తిమ్మిరెక్కవు.
కుర్చీ అనే అంటం మేం దాన్ని.

ఇది కుర్చీ గాదు.
మెత్త లేదు, సామాను తగిలిచ్చే కొక్కేలు రెండే.
తొడ పట్టీలు మాత్రం మొత్తం విప్పుకోవచ్చు,
మంచుల నిలబడి, కాళ్ళకు స్కీలు ఉండంగనే.
ఫిబ్రవరిల మనాలి పోదామని
జతగాడు ఎలీషా టికెట్లు తీసిండు.
"గ్లౌజులేసుకొని బిగించు" అని
వెల్డింగు గ్లౌజులిచ్చిండు ఫసీహ్ భాయ్.
కండ్లు మూసి మూడుసార్లు బిగించిన.
రెండుసార్లే సరిగ్గ పడ్డది.

దూలానికి తాడు కట్టి వేలాడిన.
నాలుగో నిమిషానికే తొడలు కోసుకపోయినయి.
"గిదేంది భాయ్?"
"వేలాడెటందుకు గాదు బేటా, నడిచెటందుకు.
పడ్డనాడు ఒక్కసారి పట్టుకుంటె చాలు."

ఇన్నేండ్లు నన్ను మోసినదాన్నే నమ్మిన.
మరిచిపోతె గూడ ఉండేదాన్ని నమ్ముడు
ఇంకా చేతగాలే.

పైసలు కట్టి, అంగీ జేబుల పెట్టుకొని బస్సెక్కిన.
ప్యారడైజ్ దాటినంక
జేబు తడిమి చూసుకున్న,
ఉన్నదా లేదా అని.