నాలుగు చేతుల పని

పెట్టె మీద రాసుంది, ఇద్దరు కావాలని.
చిన్నక్షరాల్లో కాదు, పెద్దవాటిలోనే.
చదివి కూడా ఒక్కదాన్నే మొదలెట్టాను.

ఎస్కెల్‌లో గాలికి సెలవు రోజుల్లేవు.
ఎక్కడికి వచ్చినా గుప్పెడు దుమ్ము వెంటేసుకుని
పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తుంది.
నేను కంకర దారుల్లో
గొర్రెల కొట్టాల మధ్య టీకాల పెట్టెతో తిరిగే నర్సుని.
ఎదురొచ్చే ప్రతి లారీ ఒక రాయి విసిరే పోతుంది.
నా పాత కారు ముఖం నిండా
మశూచి మచ్చలు.

ఈ కొత్తది ముదురు నీలం.
ముప్పై ఆరు వాయిదాలు,
ఇంకా ముప్పై అయిదున్నాయి.
ఫిల్మ్ అతికించే షాపువాడు అడిగిన కూలి
నా రెండు నెలల జీతం.
అందుకే సీసాలో నీళ్ళు,
నీళ్ళలో నాలుగు చుక్కల పసిపిల్లల షాంపూ,
దుమ్ము లేవకుండా గారేజీ నేలంతా తడి.
కాన్పుల గదిని కూడా ఇంతలా కడగలేదెప్పుడూ,
ఒట్టు.

వెనక కాగితం లాగగానే
ఫిల్మ్ ప్రాణమొచ్చినట్టు లేచి
తనకు తానే అతుక్కుంది.
నా మోచేతికి అతుక్కుంది, జడకు అతుక్కుంది,
బానెట్‌కి తప్ప అన్నిటికీ అతుక్కుంది.
ఇక మిగిలింది ఒక్క ముక్క.

పక్కింటి ఒరేస్తెస్‌తో
నాకు పదకొండు నెలలుగా మాటల్లేవు.
వాళ్ళ కుక్క నా కోళ్ళని చంపింది. మూడు.
ఆయన రెండన్నాడు,
రెండింటి డబ్బే కంచె మీద పెట్టిపోయాడు.
ఆ ఒక్క కోడి దగ్గర ఆగిపోయాం ఇద్దరం.

కంచె దగ్గర నిలబడి
పెట్టె పైకెత్తి చూపించాను,
రాసున్న వైపు ఆయనకు కనబడేలా.
చదివాడు.
లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చదివాడు.
తర్వాత చేతులు కడుక్కుని వచ్చాడు,
మోచేతుల దాకా.

చెరో రెండు మూలలు.
మధ్యలో నీళ్ళోడుతూ గాజు దుప్పటి.
‘దించు.’
‘నా వైపు వదులు.’
‘ఊపిరి బిగబట్టకు సులేమా, మొహం ఎర్రబడుతోంది.’
పదకొండు నెలల తర్వాత మొదటి మాట
‘దించు’ అయిందని
ఇద్దరికీ తట్టలేదు,
తట్టినా తట్టనట్టే ఉన్నాం.

నడిమి నుంచి అంచుకి
రబ్బరు పలకతో నీళ్ళు తోశాం.
నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిన చేయి ఆయనది,
తోలు ఎక్కడ సాగుతుందో ఎక్కడ మొరాయిస్తుందో
చూడకుండానే చెప్పగలదు.
హెడ్‌లైట్ వంపు దగ్గర హీట్ గన్ నా చేతికిచ్చి
‘దూరంగా, ఇంకా దూరంగా,
జ్వరం చూసినట్టు పట్టుకో’ అన్నాడు,
నాకు, జ్వరం చూడటం.

నీటి బుడగలు వారంలో వాటంతటవే పోతాయట.
గాలి బుడగకి మాత్రం సూది కావాలి.
సూది నా పని.
పసిపిల్లలకు వాడే సన్నది తెచ్చి గుచ్చి
బొటనవేలితో నొక్కితే
అలిగిన మనిషి పక్కకి తిరిగి పడుకున్నట్టు
చదునైంది.

అప్పుడు కనిపించింది.
కుడి మూలకి జానెడు ఇవతల, ఫిల్మ్ కింద
తెల్లటి వెంట్రుక, కొసన చిన్న వంకీ.
నియేబ్లాది.
ముదురు నీలం మీద దాక్కోవడానికి చోటే లేదు దానికి.
గారేజీ గుమ్మంలో హంతకురాలు
తోక ఊపుతూ నిలబడింది.

‘ఎత్తి తీసేద్దామా’ అన్నాడు
తన చొక్కా చేతులు దులుపుకుంటూ.
ఎత్తితే సాగుతుంది, సాగితే చార పడుతుంది.
‘ఉండనీ’ అన్నాను.
మాతే కోసం నీళ్ళు పెట్టడానికి లోపలికి తిరిగాను.
వెనక నుంచి,
గోడతో చెబుతున్నట్టు,
‘మూడే’ అన్నాడు.

మొన్న తెక్కా దారిలో ఎదురైన లారీ
రాయి విసిరి పోయింది. టక్.
ఆపి, దిగి, వేలితో తడిమాను.
మచ్చ లేదు.
వెంట్రుకా వేలికి తగల్లేదు, కంటికే తగిలింది.
వెనక సీట్లో టీకాల మీద ఐసు కరుగుతోంది,
మళ్ళీ ఎక్కాను.